‘ఎట్లుంది సినిమా?’ అని అడిగితే: అభిప్రాయం చెప్పడానికి, రేటింగ్ వేయడానికి సమగ్ర మార్గదర్శి

“అన్ని సినిమాలకీ అయిదుకి మూడే వేస్తున్నాను, ఏం చేయాలి?” ఈ మధ్య ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఇదే. దాని వెనకే ఇంకోటి వస్తుంది: “నేను బాగుందన్న సినిమాకి మావాళ్లు వెళ్లి నన్ను తిట్టారు. నా రేటింగ్‌లో తప్పెక్కడుంది?”

రెండింటికీ జవాబు ఒకటే. చాలామంది అంకె ముందు వేసేసి, దానికి సరిపడా మాటలు తర్వాత వెతుక్కుంటున్నారు. ఆ వరస తిరగేయాలి. ఏం చూశామో ముందు, అది ఎవరికి నచ్చుతుందో తర్వాత, అంకె అన్నిటికన్నా చివర.

ఇది వృత్తిగా రివ్యూలు రాసేవాళ్ల కోసం రాసింది కాదు. వీలు దొరికినప్పుడు సినిమాకి వెళ్లి, ఆఫీసు క్యాంటీన్‌లోనో అపార్ట్‌మెంట్ గ్రూపులోనో ఫ్యామిలీ వాట్సాప్‌లోనో నాలుగు మాటలు చెప్పేవాళ్ల కోసం. ఉదాహరణలు హైదరాబాద్‌వి.

## 1. వెళ్లే ముందు: చెవులు మూసుకోండి, నాలుగు ముక్కలు రాసుకోండి

పెద్ద సినిమా విడుదలంటే అమెరికా ప్రీమియర్ల టాక్ మనం పళ్లు తోముకునేలోపే ఫోన్లోకి దిగిపోతుంది. ఆ తర్వాత ప్రసాద్స్ మల్టీప్లెక్స్ ముందు యూట్యూబ్ మైకులు మొదలు. ఇవన్నీ వినేసి వెళ్తే సినిమా చూస్తున్నట్టు ఉండదు, విన్నమాట నిజమా కాదా అని సరిచూసుకుంటున్నట్టు ఉంటుంది. “సెకండాఫ్ ల్యాగ్ అంట” అని చెవిలో పడ్డవాడికి ఇంటర్వెల్ అయిన పది నిమిషాలకే ఆవులింతలు వస్తాయి.

టికెట్ బుక్ చేయగానే సినిమా గ్రూపులను ఆ రోజుకి మ్యూట్‌లో పెట్టండి. ట్రైలర్ చూడొచ్చు, అది అందరూ చూసేదే. రివ్యూలు మాత్రం మీది రాశాకే.

టికెట్ ధర కూడా తెలియకుండానే అభిప్రాయంలోకి దూరుతుంది. తెలంగాణలో 2021 డిసెంబరులో వచ్చిన ఉత్తర్వు ప్రకారం ఏసీ సింగిల్ స్క్రీన్‌లో టికెట్ గరిష్ఠంగా 150 రూపాయలు, మల్టీప్లెక్స్‌లో మామూలు సీటుకి 250, జీఎస్టీ అదనం. 18 శాతం కలిపితే 177, 295. పెద్ద సినిమాలకి మొదటి రోజుల్లో ప్రత్యేక అనుమతితో ఇంకా పెంచిన సందర్భాలూ ఉన్నాయి. నలుగురు మల్టీప్లెక్స్‌కి వెళ్తే టికెట్లకే 1180, పాప్‌కార్న్ సంగతి చెప్పక్కర్లేదు. అంత ఖర్చయ్యాక సినిమా కాస్త అటూ ఇటూగా ఉంటే కోపం రెట్టింపవుతుంది. ఆ కోపం న్యాయమైనదే కానీ అది సినిమా నాణ్యత మీద కాదు, ఖర్చు మీద. రెండూ వేర్వేరుగా చెప్పాలి.

బయల్దేరే ముందు ఫోన్ నోట్‌లో రాసుకోవాల్సినవి:

- ఎందుకు వెళ్తున్నాం: హీరో కోసమా, దర్శకుడి కోసమా, పాట నచ్చా, పిల్లలు అడిగారనా, బ్యాచ్ అంతా వెళ్తున్నారనా
- ఏం ఆశిస్తున్నాం: ఒక్క వాక్యం (“నవ్వుకుంటే చాలు”)
- ఏ థియేటర్, ఏ షో, టికెట్ ఎంత
- ఏ భాషలో: ఒరిజినలా, తెలుగు డబ్బింగా

రెండో ముక్క చిన్నదే అయినా దాన్ని వదిలేయకండి. నవ్వుకోవడానికి వెళ్లి ఏడుపు సినిమా చూసొచ్చినవాడు వేసే రేటింగ్‌కి, ఏడవడానికే సిద్ధపడి వెళ్లినవాడి రేటింగ్‌కి ఎంత తేడా ఉంటుందో మీకే తెలుస్తుంది.

## 2. హాల్లో: మూడు చోట్ల ఆగి గమనించండి

సినిమా నడుస్తుండగా నోట్స్ రాయొద్దు. ఫోన్ వెలుగు పక్కవాడి కంట్లో పడుతుంది, మీ దృష్టీ పోతుంది. మనసులో మూడు చోట్ల గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది.

మొదటి ఇరవై నిమిషాలకి: ఈ కథలో ఎవరికి ఏం కావాలో తెలిసిందా? తెలియకపోయినా తెలుసుకోవాలని ఉందా?

ఇంటర్వెల్‌కి: ఇప్పుడే లేచి వెళ్లిపోమంటే వెళ్లిపోగలరా? నిజాయితీగా చెప్పుకోండి. “తర్వాత ఏమవుతుందో చూడాలి” అనిపిస్తే ఫస్టాఫ్ తన పని చేసినట్టే. చివరి అయిదు నిమిషాల ఇంటర్వెల్ బ్యాంగ్ చూసి అంతకుముందు గంట మర్చిపోతుంటాం. బ్యాంగ్ పక్కనపెట్టి, ఆ గంట ఎలా గడిచిందో గుర్తుచేసుకోండి.

క్లైమాక్స్ అయ్యాక, లైట్లు వేసేలోపు: మొదట మనసులోకి వచ్చిన సీను ఏది? అది హీరో ఎంట్రీనా, క్లైమాక్సా, లేక మధ్యలో ఎక్కడో చిన్న పాత్ర అన్న మాటా?

ఇంటర్వెల్‌లో సమోసాల దగ్గర నిలబడ్డప్పుడు రెండు మూడు ముక్కలు టైప్ చేయండి. అచ్చంగా ఇలా ఉంటే చాలు:

“తండ్రి క్యారెక్టర్ బాగుంది. రెండో పాట ఎందుకు? విలన్‌కి పగ ఎందుకో ఇంకా తెలీదు. టైమ్ చూసుకుంది: రెండో పాట, కోర్టు సీన్.”

ఆ చివరి ముక్క బాగా పనికొస్తుంది. సాగదీత ఎక్కడుందో కనిపెట్టడానికి ఇంతకన్నా సులువైన పద్ధతి నాకు తెలియదు. చేయి గడియారం మీదికో ఫోన్ మీదికో ఎప్పుడు పోయిందో గుర్తుంచుకోండి. అక్కడే సినిమా మిమ్మల్ని వదిలేసింది.

స్టేటస్ కోసం ఎంట్రీ సీను వీడియో తీసే అలవాటుంటే మానేయండి. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం థియేటర్లో సినిమాని రికార్డ్ చేస్తే మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, కనీసం 3 లక్షల జరిమానా. ఆ జరిమానా సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా పెరగొచ్చు. పదిహేను సెకన్ల స్టేటస్‌కి అంత అవసరమా?

ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యంగా వెళ్లారా? మధ్యలో ఫోన్ వచ్చి బయటికి వెళ్లారా? అది కూడా నోట్ చేసుకోండి, చెప్పేటప్పుడు చెప్పండి. మొదటి పావుగంట చూడనివాళ్లు “హీరోకి అంత కోపం ఎందుకో అర్థం కాలేదు” అంటే వినేవాళ్లు సినిమానే అనుమానిస్తారు.

## 3. బయటికొచ్చాక మొదటి గంట

“ఎట్లుందిరా?”

“మస్తుందన్నా! బీజీఎం అయితే పిచ్చెక్కిచ్చిండు!”

మెట్లు దిగుతూ ఇలా అరుచుకోవడంలో తప్పేం లేదు, సినిమాకి వెళ్లేదే అందుకు. కాకపోతే ఆ అరుపుని రేటింగ్ అనుకోకండి. చివరి ఇరవై నిమిషాలు గట్టిగా ఉంటే మొత్తం సినిమా గట్టిగా ఉన్నట్టే అనిపిస్తుంది. క్లైమాక్స్ తేలిపోతే రెండు గంటల మంచి సినిమా కూడా కొట్టుకుపోతుంది.

ఈ గంటలో చేయాల్సిన పని ఒక్కటే. మీతో వచ్చినవాళ్ల అభిప్రాయం వినకముందే మీవి మూడు వాక్యాలు రాసేయండి: నచ్చింది ఒకటి, నచ్చనిది ఒకటి, గుర్తున్న సీను ఒకటి. బ్యాచ్‌లో గట్టిగా మాట్లాడేవాడు ఒకడుంటాడు. వాడు “వేస్ట్ రా” అన్నాడంటే ఛాయ్ తాగేలోపు మిగతా అందరికీ వేస్ట్‌గానే కనిపించడం మొదలవుతుంది.

అంకె మర్నాడు పొద్దున. రాత్రి 3.5 అనుకున్నది పొద్దున్నే 3 అయినా, 4 అయినా ఆశ్చర్యపోకండి. పొద్దునదే ఉంచండి.

మైకు పట్టుకుని ఎవరైనా ఎదురొస్తే? చెప్పాలనుంటే చెప్పండి. ఒక్కటి మాత్రం తెలిసే ఉండాలి. మీరు రెండు నిమిషాలు మాట్లాడితే అందులో నాలుగు సెకన్లే వాడుకుంటారు, అది కూడా మీరు బాగా ఊగిపోయిన నాలుగు సెకన్లు.

## 4. సినిమాని, షోని, అభిమానాన్ని విడదీయండి

ఎక్కువ గందరగోళం ఇక్కడే. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్యలోనో సుదర్శన్‌లోనో దేవిలోనో మొదటి రోజు అభిమానుల మధ్య చూసిన సినిమా ఒకటి. అదే సినిమా మంగళవారం మ్యాట్నీకి గచ్చిబౌలి మల్టీప్లెక్స్‌లో పాతికమంది మధ్య చూస్తే ఇంకొకటి. మొదటి చోట కాగితాలు, ఈలలు, డప్పులు. ఎంట్రీ సీనుకి ఒళ్లు పులకరిస్తుంది, పక్కనే ఉన్న అసలు డైలాగు వినపడదు. రెండో చోట ప్రతి డైలాగూ వినపడుతుంది, ఎలివేషన్ (హీరోని ఆకాశానికెత్తే ఘట్టం) మాత్రం చప్పగా ఉంటుంది. రెండూ నిజమైన అనుభవాలే. ఎక్కడ చూశారో చెప్పకపోతే వినేవాళ్లకి ఏది ఎంత నమ్మాలో తెలియదు.

తప్పు సినిమాదా, థియేటర్‌దా?

- మాటలు వినపడలేదు: ఒక్క సీనులోనా, మొత్తమా? మొత్తం వినపడకపోతే హాలు సౌండ్ మీద అనుమానం. పాటలు బాగా వినపడి మాటలు మాత్రమే మునిగిపోతుంటే సినిమా మిక్సింగ్ మీద అనుమానం.
- బొమ్మ మసకగా ఉంది: ట్రైలర్లు కూడా మసకగా ఉన్నాయా? అయితే ప్రొజెక్షన్. త్రీడీ అద్దాల్లో వెలుగు ఎలాగూ తగ్గుతుంది, దాన్ని కెమెరామన్ ఖాతాలో వేయకండి.
- మెడనొప్పి: ముందు వరస టికెట్. సినిమాకి సంబంధం లేదు.
- ఏసీ పనిచేయలేదు, వెనకసీటువాడు తన్నుతూనే ఉన్నాడు: థియేటర్ గురించి రాసేటప్పుడు రాయండి.

తేల్చుకోలేకపోతే వేరే థియేటర్లో చూసిన ఒక్కరిని అడగండి. వాళ్లూ అదే చెప్తే సినిమాదే.

అభిమానాన్ని విడదీయడం ఇంకా కష్టం. దానికి నేను వాడే పరీక్ష ఒకటుంది: ఆ సీనులో మీ హీరోని తీసేసి, మీకు పెద్దగా పట్టని ఇంకో హీరోని ఊహించుకోండి. సీను ఇంకా నిలబడుతోందా? నిలబడితే రాతలో, తీతలో బలముంది. కూలిపోతే బలమంతా ఆయన నడకలో ఉంది. అదీ బలమే, దాన్ని దాచక్కర్లేదు. “ఫ్యాన్స్‌కి ఆ సీను పండగ, మిగతావాళ్లకి మామూలుగా అనిపించొచ్చు” అని చెప్పేయండి. పడని హీరో సినిమాకైతే ఇదే పరీక్ష తిరగేసి చేయండి. ఇదే సీను మన హీరో చేస్తే ఈల వేసేవాళ్లమా?

డబ్బింగ్ సినిమాలకి ఇంకో మెట్టుంది. పెదాలు కలవకపోవడం, గొంతు అతకకపోవడం, గోడ మీద తమిళ అక్షరాలు ఉండగా పాత్ర “మన గుంటూరు” అనడం, ఇవన్నీ తెలుగు వెర్షన్ తప్పులు. సినిమా గురించి ఒక వాక్యం, డబ్బింగ్ గురించి ఒక వాక్యం. హైదరాబాద్‌లో చాలాసార్లు ఒరిజినల్ వెర్షన్ షోలు కూడా దొరుకుతాయి కాబట్టి ఆ రెండో వాక్యం వినేవాళ్లకి నిజంగా ఉపయోగం.

## 5. అరిగిపోయిన మాటల్ని విప్పి చెప్పండి

‘ల్యాగ్’, ‘రొటీన్’, ‘కనెక్ట్ కాలేదు’. ఈ మూడు మాటలతో ఏ సినిమా మీదైనా రివ్యూ రాసేయొచ్చు, అసలు చూడకుండా కూడా. అందుకే వాటికి విలువ లేదు. వాడొద్దని కాదు, వాడితే వెంటనే ఎక్కడో, ఎందుకో చెప్పండి.

- ల్యాగ్ ఉంది → ఏ భాగంలో, సుమారు ఎంతసేపు? “ఇంటర్వెల్ తర్వాత ఫ్లాష్‌బ్యాక్ అరగంట.”
- లాజిక్ లేదు → సినిమా తనకు తాను పెట్టుకున్న నియమాన్ని తనే తప్పిందా? హీరో ఒక్క గుద్దుకి పదిమంది ఎగిరే సినిమాలో పదకొండోవాడు ఎగిరితే లాజిక్ తప్పినట్టు కాదు. మొదట్లో ఈత రాదన్నవాడు చివర్లో కృష్ణా నది ఈదేస్తే తప్పినట్టు.
- బీజీఎం అదిరింది → సంగీతం బాగుందా, సౌండ్ గట్టిగా ఉందా? ఇంటికొచ్చాక ఆ ముక్క హమ్ చేయగలిగితే సంగీతం.
- ఎడిటింగ్ బాలేదు → చాలాసార్లు అనాల్సిన మాట “ఈ సీను కథకి అక్కర్లేదు” అని. సీను రాసి తీసింది ఎడిటర్ కాదు.
- యాక్టింగ్ కుమ్మేశాడు → ఒక్క సీను చెప్పండి. గుర్తుకు రాకపోతే ఆ మాట తీసేయండి.
- రొటీన్ → ఎన్నో నిమిషానికి ముగింపు ఊహించారు? ఊహించినా చూడాలనిపించిందా? తెలిసిన కథే అయినా బాగా చెప్తే రొటీన్ అనడం అన్యాయం.

ఒక ఊహా సినిమా తీసుకుందాం. ఊళ్లో సర్పంచ్ ఎన్నిక, అన్నదమ్ములు చెరోవైపు నిలబడతారు. మామూలుగా గ్రూపులో పడే పోస్టు ఇది:

“ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్. తమ్ముడి యాక్టింగ్ కుమ్మేశాడు. బీజీఎం అదుర్స్. క్లైమాక్స్ రొటీన్. 2.75.”

అదే మనిషి, అదే అభిప్రాయం, విప్పి చెప్తే:

“సర్పంచ్ ఎన్నికలో అన్నదమ్ముల పోటీ. నామినేషన్ల దాకా ఊరూ మనుషులూ నిజంగా ఉన్నట్టే ఉన్నారు. పోటీ ఖాయమయ్యాక కూడా తల్లి ఇద్దరికీ ఒకే పళ్లెంలో అన్నం కలిపే సీను చాలా బాగుంది. తమ్ముడు అక్కడ ఒక్క మాటా మాట్లాడడు, ముద్ద మింగడానికి పడే కష్టంతోనే అంతా చెప్పేశాడు. ఇంటర్వెల్ తర్వాత కథ హైదరాబాద్‌కి వచ్చి, అరగంట కొత్త విలన్ పరిచయానికే పోయింది, ఎన్నిక సంగతి మర్చిపోయారు. చివర్లో దారిలో పడింది కానీ ముగింపు ముందే తెలిసిపోతుంది. పల్లెటూరి కథలు నచ్చేవాళ్లకి, ఇంట్లో పెద్దవాళ్లకి బాగుంటుంది. ఫైట్ల కోసం వెళ్తే రెండే ఉన్నాయి, ఒకదాంట్లో రక్తం ఎక్కువ. ఆదివారం మ్యాట్నీ, మల్టీప్లెక్స్. 3/5.”

రెండో దాంట్లో అంకె తీసేసినా పోస్టు నిలబడుతుంది. మొదటి దాంట్లో తీసేస్తే మిగిలేది ఏమీ లేదు.

## 6. ‘ఎవరికి’ అనే వాక్యం

మీవాళ్లు వెళ్లి మిమ్మల్ని తిట్టారంటే చాలావరకు ఈ వాక్యం లేకపోవడమే కారణం. మీకు 4 అనిపించిన హారర్ సినిమా పిన్నిగారికి నిద్రపట్టని రాత్రి.

పిల్లలున్న ఇళ్లవాళ్లు అడిగేది రేటింగ్ కాదు, “తీసుకెళ్లొచ్చా?” అని. 2024 నవంబరు నుంచి సెన్సార్ బోర్డు యూ/ఏ సర్టిఫికెట్‌ని 7+, 13+, 16+ అని మూడుగా విడదీసింది. ఆ అంకె తల్లిదండ్రులకు సూచన మాత్రమే, గేటు దగ్గర ఆపేది ‘ఏ’ (పెద్దలకు మాత్రమే) సర్టిఫికెట్‌కే. కాబట్టి అంకె చెప్పి, దానికి తోడు ఏముందో చెప్పండి. “వయొలెన్స్ ఎక్కువ” అంటే ఏమీ తెలియదు. “తల నరికే సీన్లు రెండు, నేరుగా చూపిస్తారు” అంటే ఆ తల్లి నిర్ణయం తీసుకోగలదు.

ఈ వాక్యంలో ఉండాల్సినవి (సినిమాకి వర్తించినవే):

- ఎలాంటి సినిమాలు నచ్చేవాళ్లకి
- సర్టిఫికెట్, పిల్లలు ఇబ్బందిపడే సీన్లు
- అమ్మానాన్నల పక్కన కూర్చుని చూడగలమా (మన ఇళ్లలో అసలు ప్రశ్న ఇదే కదా)
- నిడివి: మూడు గంటలైతే పెద్దవాళ్లకి ముందే చెప్పాలి
- థియేటర్లోనే చూడాలా, ఓటీటీకి ఆగొచ్చా

## 7. స్పాయిలర్ గీత ఎక్కడ?

ట్రైలర్లో ఉన్నది చెప్పొచ్చు. మొదటి అరగంటలో తెలిసేది చెప్పొచ్చు. ఇంటర్వెల్ మలుపు, ఎవరు చనిపోయారు, గెస్ట్ రోల్ ఎవరు, చివర్లో రెండో భాగం సూచన ఏంటి, ఇవి చెప్పకూడదు. పైన రాసిన పోస్టులో కథ హైదరాబాద్‌కి వచ్చిందని చెప్పాం, ఎందుకొచ్చిందో చెప్పలేదు. గీత అక్కడ.

“ట్విస్ట్ చెప్పను కానీ మామూలు ట్విస్ట్ కాదు” అనడం కూడా సగం స్పాయిలరే. విన్నవాడు సినిమా అంతా దానికోసమే కాచుకుని కూర్చుంటాడు.

మలుపు గురించి మాట్లాడకుండా ఉండలేకపోతే చూసినవాళ్లతో వేరే గ్రూపు పెట్టుకోండి. టెలిగ్రామ్‌లో అయితే స్పాయిలర్ ఫార్మాట్ ఉంది, నొక్కితేనే అక్షరాలు కనిపిస్తాయి. వాట్సాప్‌లో పెట్టాల్సి వస్తే మొదటి రెండు లైన్లలో హెచ్చరిక మాత్రమే రాయండి, ఎందుకంటే నోటిఫికేషన్‌లో బయటపడేది ఆ లైన్లే.

## 8. ఇప్పుడు అంకె

మనకి అయిదుకి రేటింగ్ అలవాటు. అందులో పావులు కూడా వేస్తాం. 2.75కీ 3కీ తేడా ఏంటని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేరు. 2.75 అంటే “బాగుందని అనలేను, బాలేదని అంటే ఫ్యాన్స్ ఊరుకోరు” అని నా అనుమానం. పావులు వదిలేయండి. అరలు చాలు.

ప్రతి అంకెకీ ఒక పని జోడించండి. అప్పుడు అది ప్రతిసారీ ఒకే అర్థంలో ఉంటుంది. నేను వాడేది ఇది, మీకు తగ్గట్టు మార్చుకోండి:

- 5: నా డబ్బుతో మళ్లీ థియేటర్‌కే వెళ్తా
- 4: ఇంట్లోవాళ్లని నేనే తీసుకెళ్తా
- 3.5: అడిగినవాళ్లకి వెళ్లమని చెప్తా
- 3: టికెట్ డబ్బులకి సరిపోయింది, ఒకసారికి ఓకే
- 2.5: ఓటీటీకి వచ్చాక చూడొచ్చు
- 2: టీవీలో వస్తుంటే పని చేసుకుంటూ చూస్తా
- 1.5, అంతకంటే తక్కువ: ఊరికే చూపిస్తామన్నా వద్దు

తర్వాత మెట్టు, అందరూ వదిలేసేది: కొలత సినిమాలు పెట్టుకోండి. మీరు పూర్తిగా మర్చిపోలేని పాత సినిమాలు నాలుగైదు తీసుకుని ఒక్కోదాన్ని ఒక్కో మెట్టు మీద కూర్చోబెట్టండి. కొత్త సినిమాకి 4 వేయాలనిపిస్తే మీ ‘4’ సినిమా పక్కన పెట్టి చూడండి. ఈ రెండింటిలో ఒక్కటే మళ్లీ చూడాలంటే ఏది చూస్తారు? ప్రతిసారీ పాతదే అయితే కొత్తదానికి 3.5 వేయండి. అన్నిటికీ మూడే పడుతున్న జబ్బు దీనితోనే కుదురుతుంది.

యాప్‌లలో వేసేటప్పుడు కొలబద్ద మారుతుంది, రెట్టింపు చేసి ఊరుకోకండి. ఐఎండీబీలో 1 నుంచి 10 దాకా పూర్ణాంకాలే. మన 3/5 అంటే “పర్లేదు, చూడొచ్చు”, అక్కడ 6 వేస్తే చాలామంది “సోసో” అని చదువుతారు. నేనైతే 3కి 6, 3.5కి 7, 4కి 8 వేసి, కింద కారణం తప్పకుండా రాస్తాను. లెటర్‌బాక్స్‌డ్‌లో అర నక్షత్రాలు ఉంటాయి కాబట్టి పై కొలబద్దే దింపేయొచ్చు.

ఇతరుల అంకెలు ఇప్పుడు చూడొచ్చు. చూసేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి:

- రాటెన్ టొమాటోస్‌లో 85 శాతం అంటే సినిమాకి 85 మార్కులని కాదు, నూరుమంది విమర్శకుల్లో 85 మంది మొత్తానికి బాగుందన్నారని. అందరూ “పర్లేదు” అన్నా నూటికి నూరు రావొచ్చు.
- ఐఎండీబీలో కనిపించేది సూటి సగటు కాదు, వెయిటెడ్ సగటు (అన్ని ఓట్లకీ ఒకే బరువు ఉండదు). అంకె కన్నా ఓట్ల విభజన చూడండి. 10లూ 1లూ మాత్రమే గుట్టలుగా ఉండి మధ్య ఖాళీగా ఉంటే అక్కడ జరుగుతున్నది ఫ్యాన్ వార్. మధ్యలో 5, 6, 7 వేసినవాళ్ల మాటలు చదవండి, పనికొచ్చేవి అక్కడుంటాయి.
- టికెట్ యాప్‌లో రేటింగ్ కనపడకపోతే సినిమా బాలేదని అనుకోకండి. కొన్ని సినిమాలకి కోర్టు ఉత్తర్వులతో రేటింగులు, రివ్యూలు ఆపిన సందర్భాలున్నాయి.

మీ అంకె అందరి అంకెకీ దూరంగా ఉందా? ఉండనివ్వండి. కారణం రాసి ఉంది కదా.

## 9. పంపే ముందు, పంపాక

సెండ్ నొక్కే ముందు:

- ఒక్క సీనైనా పేరుపెట్టి చెప్పానా?
- ‘ఎవరికి’ వాక్యం ఉందా?
- ఎక్కడ, ఏ షో చూశానో ఉందా?
- కలెక్షన్లు, బడ్జెట్, హీరో వయసు, హీరోయిన్ ఒళ్లు, ఎవరి కొడుకు: ఇవేమైనా దూరాయా? తీసేయండి.
- “ఎవరి దగ్గరో డబ్బులు తీసుకుని తీశాడు”, “కథ కొట్టేశాడు” లాంటివి ఉన్నాయా? అవి అభిప్రాయాలు కావు, ఆరోపణలు. రుజువు లేకపోతే పరువునష్టం కేసు దాకా వెళ్తాయి. “చూసినట్టే అనిపించింది” అంటే చాలు.

గొడవలు ఎలాగూ వస్తాయి. ఫ్యామిలీ గ్రూపులో బాబాయి “మా రోజుల్లో సినిమాలు...” అని మొదలుపెడతాడు. “అవును బాబాయ్, ఇందులో తండ్రి సీన్లు మీకు నచ్చుతాయి, అవి చూసి చెప్పండి” అనండి. ఆఫీసులో ఫ్యాన్ అయిన తమ్ముడు “అన్నా, నీకు మాస్ సినిమా ఎక్కదు” అంటాడు. “ఏ సీను బాగా నచ్చిందిరా?” అని అడగండి. అతను సీను చెప్పాడంటే మాట సినిమా మీదికి వచ్చింది, ఇక హాయిగా గంట మాట్లాడుకోవచ్చు. సీను చెప్పకుండా కలెక్షన్ల పోస్టర్ పంపితే, బొటనవేలు ఎమోజీ పెట్టి పని చూసుకోండి.

## 10. ఇంకొన్ని అడిగినవి

ఇంటర్వెల్‌లోనే లేచి వచ్చేశాను, రేటింగ్ వేయొచ్చా? అంకె వద్దు. “ఇంటర్వెల్ దాకా చూశాను, ఇందుకు వచ్చేశాను” అని రాయండి. దానికీ విలువుంది.

రీమేక్ అయితే ఒరిజినల్‌తో పోల్చాలా? ఒరిజినల్ చూడనివాళ్లే ఎక్కువ. ముందు దీన్ని దీనిగా చెప్పండి, పోలిక చివర ఒక్క వాక్యం.

చిన్న సినిమాకి దయతో అర మార్కు కలపొచ్చా? కలపకండి. ఆ దయని మాటల్లో చూపించండి, నలుగురికి ముందే చెప్పండి. మొదటి వారంలో షోలు ఎత్తేసేలోపు చెప్తే ఆ సినిమాకి మీ అర మార్కు కన్నా ఎక్కువ మేలు.

ఓటీటీలో మళ్లీ చూస్తే అభిప్రాయం మారింది. మారుతుంది. ఇంట్లో ఎలివేషన్లు తగ్గి కనిపిస్తాయి, మాటలు, చిన్న పాత్రలు పైకి తేలతాయి. పాత అంకె చెరిపేయకండి. దాని పక్కనే “ఓటీటీలో” అని కొత్తది రాసి, ఏం మారిందో ఒక్క ముక్క చేర్చండి.